నందకళి గొంతు మోసిన మనిషి

విక్రమ శకం రెండు వేల అరవై ఎనిమిదో ఏడు, అంటే రాజుగారి కిరీటం పాత నోట్ల మీద మాత్రమే మిగిలి, మా కర్ణాలీ కొండల్లో తుపాకులు మూగబోయి ఐదారేళ్ళు గడిచి, జిల్లా కేంద్రమైన ఖలంగా బజారుకు లారీలు రావడం మొదలై, అక్కడి కుర్రవాళ్ళు చేతిఫోన్లు పైకెత్తి గుట్టల మీద నిలబడుతున్న కాలంలో, ఆ లారీగానీ ఆ ఫోనుగానీ ఎక్కిరాలేని మా రిప్సా గ్రామానికీ ఖలంగాకూ నడుమనున్న మూడు రోజుల కాలిబాట మీద ఇరవై రెండేళ్ళు తపాలా సంచి మోసి, ఆ సంచి ఖాళీ అయిన తరువాత అరచేతిలో ఇమిడే ఒక నల్లని హార్డ్ డిస్కును మోయడానికి ఒప్పుకున్న మానరూప్ బూఢా, లోకం తనను దాటి వెళ్ళిపోయిందని తెలిసి కూడా తన నడక వేగాన్ని రవ్వంత మార్చుకోలేదు.

మా బడికి నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. వాటికి కరెంటు ఇవ్వడానికి కప్పు మీద సూర్యఫలకాలు వచ్చాయి. వాటిని లోకంతో కలిపే తీగ మాత్రం రాలేదు. పాఠాలూ బొమ్మలూ ప్రశ్నపత్రాలూ ఖలంగాలోని విద్యాశాఖ కంప్యూటరులో ఉండేవి. పిల్లల పేర్లూ మార్కులూ మా బడి కంప్యూటరులో ఉండేవి. ఈ రెండింటి నడుమ మానరూప్ కాళ్ళే తీగ. రెండు నెలలకొకసారి డిస్కును ఎర్రగుడ్డలో చుట్టి, నడుముకు కట్టుకునే పటకాలో పొట్టకు ఆనించి దోపుకొని, కనుమ ఎక్కి, తిలా నది ఒడ్డున దిగి, ఖలంగా చేరేవాడు. చలికి ఆ డిస్కు ప్రాణం పోతుందని ఎవరో చెప్పారట. అందుచేత మంచు కాలంలో దానిని చంకకింద పెట్టుకొని నడిచేవాడు.

అతని భార్య నందకళి ఇంటి మట్టికప్పు మీద ధాన్యం ఎండబోస్తూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు వినిపించేలా అనేది.

"ముసలితనంలో సవతిని తెచ్చుకున్నాడమ్మా ఈయన. పగలంతా చంకలోనే! నన్నెప్పుడైనా ఇంత పదిలంగా చూశాడా?"

"అది తడిస్తే పాడవుతుందే," అనేవాడు మానరూప్.

"నిజమే. నేను ముప్పై ఎనిమిదేళ్ళుగా తడుస్తూనే ఉన్నాను, పాడవలేదు."

అతడు నవ్వేవాడు కాదు. నిచ్చెనమాను దిగి వెళ్ళిపోతూ మీసం మాత్రం సవరించుకునేవాడు. అది అతని నవ్వని ఆమెకు తెలుసు.

చదువు పెద్దగా లేకపోయినా అతనికొక ధర్మశాస్త్రం ఉండేది. దానిని ఎవరూ నేర్పలేదు. తపాలా సంచి నేర్పింది. "ఉత్తరం ఒక్కచోటే ఉంటుంది బాజే," అని నాతో అనేవాడు. ఊరి పురోహితుణ్ణి గనుక నన్ను అందరూ బాజే అనే పిలుస్తారు. "ఇచ్చినవాడి చేతిలో లేదంటే నా సంచిలో ఉండాలి. నా సంచిలో లేదంటే పుచ్చుకున్నవాడి చేతిలో ఉండాలి. రెండుచోట్లా ఉందంటే మధ్యలో ఎవడో దొంగ ఉన్నట్టే." యుద్ధకాలంలో అటు సైనికులూ ఇటు అడవిలోని తిరుగుబాటువాళ్ళూ అతని సంచి దులిపి వెతికినప్పుడు కూడా, ఎవరి ఉత్తరంలో ఏముందో తనకు తెలియదని చెప్పి దెబ్బలు తిన్నాడు. నిజంగానే తెలియదు. తెలుసుకోవడం దొంగతనమని అతని నమ్మకం.

కంప్యూటరు పని నేర్పినవాడు బడిపంతులు టీకారామ్ రావల్. దస్త్రాన్ని డిస్కులోకి ఎక్కించడానికి రెండు దారులున్నాయని చూపించాడు. కాపీ అంటే అసలు ఇక్కడే ఉంటుంది, నకలు వెళుతుంది. కట్ అంటే ఉన్నదే లేచి వెళ్ళిపోతుంది, ఇక్కడ ఏమీ మిగలదు. మానరూప్‌కు రెండోదే న్యాయంగా తోచింది. మొదటి ప్రయాణానికి అన్నీ కట్ చేసి ఎక్కించుకొని పోయాడు. మర్నాడు టీకారామ్ కంప్యూటరు తెరిస్తే మూడు తరగతుల మార్కులు లేవు. అతడు తిరిగి వచ్చేదాకా పంతులు అన్నం సరిగా తినలేదు.

"ఏమిటి దాజు ఇది! బడికి గుండు కొట్టించి పోయారే!" అని పంతులు కేకలు వేశాడు. తనకంటే పెద్దవాడు గనుక అన్నగారన్న అర్థంలో దాజు అనేవాడు, తిట్టేటప్పుడు కూడా.

"అక్కడ అప్పజెప్పాను కదా సర్. పోలేదుగా."

"పోలేదు, కానీ మనకూ ఉండాలి! కాపీ కొట్టండి, కాపీ!"

ఆనాటి నుంచి బడి పనికి కాపీయే కొట్టాడు. కాని నకళ్ళు మోస్తున్నానన్న చిన్నతనం అతని ముఖంలో కనిపించేది.

ఇక నందకళి సంగతి చెప్పాలి. మా కొండల్లో పెళ్ళికైనా ఒడుగుకైనా మంత్రం చదివేది మేమే గాని, ఆ మంత్రానికి ముందు దీపాన్నీ కలశాన్నీ గడపనూ అగ్నినీ పేరుపేరునా పిలిచి మేలుకొలిపేది ఆడవాళ్ళు పాడే మాగల్. ఆ పాటలు వ్రాతలో లేవు. ఒక నోటినుంచి మరొక నోటికి వచ్చినవి. చిన్ననాటి నుంచి నేను వేదం వల్లించినవాణ్ణి, ఉదాత్తానుదాత్తాల తేడా ఎరిగినవాణ్ణి. అయినా నందకళి కలశానికి పాడే మాగల్ ఎత్తుకున్నప్పుడు నా మంత్రం ఆమె వెనకే నడిచేది. మొత్తం ఇరవై ఏడు పాటలు. అన్నీ వచ్చినది మా చుట్టుపక్కల ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకు నాలుగైదు వచ్చు. మిగిలిన వాటిలో ఆమె పాడుతుంటే వెనకనుంచి అందుకోవడం వచ్చు.

ఒక మార్గశిరంలో పెళ్ళింట ఆ పాట విన్న టీకారామ్ ఆమెను బడికి బతిమాలి తీసుకుపోయి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆరు రోజులు పాడించి గొంతు పట్టాడు. మొదటి రోజు తన గొంతు తనకే వినిపించేసరికి ఆమె చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఎవరీ ముసల్ది? నా పాట దొంగిలించిందే!"

"మీరే కదా దీదీ," అన్నాడు పంతులు.

"నేనింత గరగరలాడతానా? మరి ఈయన ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

ఏడో పాటకూ ఎనిమిదో పాటకూ నడుమ ఆమె, "అయిందా? పొయ్యిమీద గింజలు మాడతాయి బాబూ," అన్న మాట కూడా అందులో పడింది. దాన్ని తీసెయ్యనా అని పంతులు అడిగితే, గుమ్మం దగ్గర నిలబడిన మానరూప్, "ఉండనీయండి సర్," అన్నాడు.

ఆ ఫాల్గుణంలోనే జ్వరం ఊపిరితిత్తులకు దిగి నందకళి పోయింది. ఖలంగా ఆసుపత్రికి డోకో అనే వెదురుబుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకుపోయారు. మోసినవాడు మానరూప్. రెండో రోజు కనుమ దిగువన, వీపు మీద బరువు మారిందని అతనికే ముందు తెలిసిందట. ఎప్పుడూ పొట్ట దగ్గర మోసిన దానికి చలి తగలనివ్వని మనిషి, వీపున మోసిన దాన్ని చలినుంచి కాపాడలేకపోయాడు. ఈ మాట నేను అంటున్నది కాదు. అతడే అన్నాడు, ఒక్కసారి, మళ్ళీ ఎన్నడూ అనలేదు.

మరణం తరువాత ఏడాది పొడుగునా ఆ ఇంట పాట వినకూడదు. కొడుకు జయలాల్ తెల్లబట్ట కట్టాడు. ఆ నియమాన్ని చెప్పినవాణ్ణి నేనే. అది నా పూర్వులు చెప్పినది. బడిలో ఆమె గొంతు ఉందని ఊరందరికీ తెలుసు. టీకారామ్ ఒకటి రెండుసార్లు, "ఒక్క పాట వినండి దాజు, ఎవరికీ తెలియదు," అన్నాడు కూడా. మానరూప్ వినలేదు. డిస్కు ఎక్కించుకోవడానికి వచ్చినప్పుడు ఆ పాటలున్న పెట్టె బొమ్మను తెర మీద చూసి, చెయ్యి దూరంగా తీసుకునేవాడు. ఏడాది గడిస్తే వింటానన్నాడు. ఆ ఏడాదిని అతడు అలాగే నడిచాడు, ఎదర కనుమ కనిపిస్తుంటే నడిచినట్టు.

సంవత్సరీకం దగ్గరపడ్డాక ఒకనాటి ఉదయం నా అరుగు దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"బాజే, దానాల్లో మంచం ఇస్తాం, గొడుగిస్తాం, చెప్పులిస్తాం. అవి ఆమెకు చేరతాయి. అంతేనా?"

"అంతే."

"మరి ఆమె గొంతు ఆమె పేరన ఇస్తే? ఖలంగా రేడియోవాళ్ళకి. వాళ్ళ చేతిలో పడితే కర్ణాలీలో ప్రతి పొయ్యి దగ్గరా వినిపిస్తుందట. నేనూ మా కప్పు మీద కూర్చుని వింటాను."

నాకు కళ్ళు చెమర్చాయి. శబ్దం కంటే గొప్ప దానమేముందన్నాను. జయలాల్ బొటనవేలంత పెన్ డ్రైవ్ ఒకటి నేపాల్‌గంజ్ నుంచి తెప్పించాడు. మానరూప్ మళ్ళీ అడిగాడు.

"ఇచ్చాక మన దగ్గర కూడా ఉండొచ్చా బాజే?"

ఇక్కడ నా తప్పు ఉంది. కంప్యూటరు సంగతి నేనెరుగను. దానధర్మం ఎరుగుదును, ఎరిగినది నోటికి వచ్చింది. "సంకల్పం చెప్పి 'న మమ' అన్న తరువాత, ఇది నాది కాదు అన్న తరువాత, దాని నీడ కూడా ఇంట్లో ఉంచుకోరాదు. ఉంచుకున్నది దానం కాదు, చూపించి దాచుకోవడం," అన్నాను. అతడు తల ఊపాడు. తపాలా సంచి చెప్పిన మాటా బాజే చెప్పిన మాటా ఒకటే అయ్యేసరికి అతని ముఖంలో కొండెక్కినవాడి తెరిపి కనిపించింది.

చలి సెలవులు గనుక టీకారామ్ ఊళ్ళో లేడు. బడి తాళం మానరూప్ దగ్గరే ఉండేది. వెళ్ళి కంప్యూటరు తెరిచి, ఇరవై ఏడు పాటలనూ పెన్ డ్రైవులోకి కట్ చేశాడు. తెర మీద పెట్టె ఖాళీ అయిందాకా చూసి, తృప్తిపడి, తాళం వేశాడు. ఎక్కించే ముందు ఒక్కటైనా వినలేదా అని తరువాత నేనడిగితే, "నైవేద్యం ముందే రుచి చూస్తామా బాజే?" అన్నాడు.

రాగి పళ్ళెంలో నువ్వులూ దర్భా నడుమ దానిని పెట్టి జయలాల్ చేత సంకల్పం చెప్పించాను. ధార పోయబోతుంటే మానరూప్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్ళు తగిలితే పోతుంది బాజే, పక్కన ఆకులో పోయండి." ఆకులో పోశాం. "న మమ" అన్నాడు కొడుకు. తండ్రి పెదవులు కూడా కదిలాయి.

మూడు రోజులు నడిచి ఖలంగా చేరి, అక్కడి ఒక చిన్న రేడియో కార్యాలయంలో పాటల కార్యక్రమం చూసే బిమ్లా హమాల్ అనే అమ్మాయి చేతిలో దాన్ని పెట్టాడు. ఆమె టీ ఇచ్చింది, కుశలం అడిగింది, కొత్త సంవత్సరానికి వైశాఖంలో వేస్తామంది. అతడు బజారులో రేడియోకు కొత్త బ్యాటరీలు కొనుక్కుని ఇల్లు చేరాడు.

వైశాఖం వచ్చింది. ప్రతి ఉదయం ఆ ఇంటి కప్పు మీద రేడియో పెట్టి, చుట్టూ కొడుకూ కోడలూ ఇరుగుపొరుగూ కూర్చునేవారు. వార్తలు వచ్చేవి, ధరవరలు వచ్చేవి, ఎవరివో పాటలు వచ్చేవి. నందకళి రాలేదు. ఆమెతో కలిసి పాడే ఒక ముసలమ్మ నవ్వుతూ అంది.

"బతికున్నప్పుడూ ఇంతే కదమ్మా. పెళ్ళివాళ్ళు నాలుగుసార్లు పిలిస్తేగాని కదిలేదా? ఇప్పుడూ బతిమాలించుకుంటోంది!"

"జడ వేసుకుంటోందేమో," అన్నాడు మానరూప్. అందరూ నవ్వారు. బ్యాటరీలు నీరసించి రేడియో గొణిగేదాకా ఆ నవ్వు సాగింది. వైశాఖం చివరికి జనం తగ్గారు. కొడుకూ పొలానికి పోయాడు. మానరూప్ ఒక్కడే బ్యాటరీలను ఎండలో పెట్టి, తిప్పి పెట్టి, చెవికి ఆనించుకొని కూర్చునేవాడు.

జ్యేష్ఠంలో బడి డిస్కు తీసుకొని ఖలంగా వెళ్ళినప్పుడు రేడియో కార్యాలయం గుమ్మంలో నిలబడ్డాడు. ఆ తరువాత జరిగినది అతడూ చెప్పాడు. ఆపై ఏట నేను ఖలంగా పోయినప్పుడు ఆ అమ్మాయీ చెప్పింది. ఇద్దరి మాటా ఒకటే.

"వచ్చారా దాజు! రెండు నెలలుగా మీ కోసమే చూస్తున్నా," అని బిమ్లా లేచి ఎదురొచ్చింది. "తెచ్చారా?"

"ఏం తేవాలి బైనీ?" అన్నాడు మానరూప్, చెల్లెలన్న అర్థంలో.

"అదే, పాటలు. మీరిచ్చిన దాంట్లో వైరస్ ఉంది. పెట్టగానే మా కంప్యూటరు గోల పెట్టింది. మొత్తం తుడిచేశాను. అసలు మీ దగ్గరుంటుందిగా, మళ్ళీ వచ్చినప్పుడు వేసుకొస్తారనుకున్నా. కబురు పంపుదామంటే మీ ఊరికి ఫోను లేదాయె."

 మానరూప్ అన్నాడు.

"అసలు అదే బైనీ."

"అదేమిటి? ఇంట్లో... బడిలో..."

"ఇచ్చేశాక ఇంట్లో ఎందుకుంటుంది?"

ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడ్చింది. సొరుగు లాగి ఆ పెన్ డ్రైవు తీసింది. దాని నిండా ఎవరివో పెళ్ళిఫోటోలున్నాయి. తుడిచినదాని మీద కొత్తది వ్రాస్తే పాతది లేవదని ఆమెకు తెలుసు. అయినా పక్క దుకాణంలోని కుర్రవాళ్ళను పిలిచింది. వాళ్ళు చూసి తల అడ్డంగా తిప్పారు. మానరూప్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నువ్వేం చేస్తావు బైనీ, అందరిదీ రెండుచోట్ల ఉంటుందనుకున్నావు," అన్నాడు. ఆమె ఇచ్చిన టీ చల్లారేదాకా పట్టుకొని, చుక్క వదలకుండా తాగాడు. తరువాత విద్యాశాఖకు పోయి, బడి పాఠాలు డిస్కులో ఎక్కించుకొని, ఎర్రగుడ్డ చుట్టి, నడుముకు కట్టుకొని, తిలా నది ఒడ్డు పట్టి నడిచి మూడో రోజుకు ఊరు చేరాడు. ఒక్క గంట ఆలస్యం కాలేదు.

డిస్కు అందుకున్న టీకారామ్ సంగతి విని బడి కంప్యూటరు ముందు కూలబడ్డాడు. కట్ చేసినచోట ఏదైనా పొట్టు మిగిలి ఉంటుందేమోనని నాలుగు రోజులు గాలించాడు. వసంతంలో, ఆ దానపు ప్రయాణంలోనే వచ్చిన కొత్త పాఠాలు సరిగ్గా ఆ చోటునే కప్పేశాయి. ఆ పాఠాలను తెచ్చినదీ మానరూపే. పంతులు బల్లను గుద్దాడు.

"కాపీ కొట్టమని ఎన్నిసార్లు చెప్పాను! మార్కులకి కొట్టారు, హాజరుపట్టీకి కొట్టారు, దీనికి కొట్టలేదా?"

"అవి బడివి సర్. ఇది దానం."

"దానమట, దానం! ఎవడు చెప్పాడు మీకు?"

మానరూప్ నా పేరు చెప్పలేదు. ఈ సంగతి పంతులు నోట విన్నప్పుడు, నేను జీవితమంతా వల్లించిన ఏ వాక్యమూ నన్ను నిలబెట్టలేకపోయింది.

తరువాత ఒక సాయంకాలం సంధ్య వార్చుకొని లేస్తున్న నా దగ్గరకు అతడు వచ్చాడు. కోపం కోసం అతని ముఖంలో వెతికాను. ఉంటే బాగుండేది.

"ఒక్కటే అడుగుతాను బాజే. పుచ్చుకున్నవాళ్ళు వినకుండానే పోయింది కదా. ఎవరూ వినలేదు. మరి దానం చేరినట్టా, చేరనట్టా? ఆమెకు?"

దాత చేతినుంచి జారి, గ్రహీత చేతికి అంది, అనుభవించకముందే నశించిన వస్తువు గురించి పెద్దలేమన్నారో నాకు తెలిసినంతవరకూ మనసులో వెదికాను. ఆవు గురించి ఉంది, నేల గురించి ఉంది, అన్నం గురించి ఉంది. గొంతు గురించి లేదు. అయినా అతని కళ్ళను చూసి, ప్రమాణం లేకుండా నేను నా జన్మలో చెప్పిన ఒకే ఒక్క మాట చెప్పాను.

"చేరింది మానరూప్."



"అయితే సరే," అన్నాడు. "నాకొక్కడికే చేరలేదన్నమాట."

లేచి, ధూళి దులుపుకొని, నా కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి మార్గశిరంలో ఊళ్ళో పెళ్ళి జరిగింది. దీపానికి పాడారు, గడపకు పాడారు. కలశం దగ్గరకు వచ్చేసరికి ఆడవాళ్ళు రెండు చరణాలు పాడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మౌనంలో నేను మంత్రం ఎత్తుకోవలసి వచ్చింది. పందిటి వెనక నిలబడిన మానరూప్ పెదవులు కదిలాయి. మాట అతనికి తెలుసు. స్వరం తెలియదు. మగవాడు మాగల్ పాడడు. కదిలిన పెదవులు ఆగిపోయాయి.

ఇప్పటికీ అతడు డిస్కు మోస్తూనే ఉన్నాడు. బడి వస్తువు ఏదైనా కాపీయే కొడతాడు. కొట్టాక అసలు తన చోటనే ఉందో లేదో తెరిచి, రెండుసార్లు చూసి, వేలితో తెరను తాకి మరీ కదులుతాడు. పిల్లలు నవ్వుతారు. కనుమ దిగువన, ఆమె బరువు మారినచోట, ఒక రాయి మీద కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగుతాడని బాటసారులు చెబుతారు. ఏదో గొణుగుతాడట. దగ్గరకు పోయి విన్న గొర్రెలకాపరి ఒకడు నాతో చెప్పాడు: "ఏం లేదు బాజే, 'అయిందా? గింజలు మాడతాయి' అంటాడు. అంతే."

దానం అనే మాటను తూచకుండా పలికిన ఈ నాలుక మీద ఇంకా ఏదైనా పుణ్యం మిగిలి ఉంటే, అది నాకు వద్దు. న మమ. అది మానరూప్ పాదాలకు చెందుగాక. కనుమ మీద మంచు అతని అడుగు కింద గట్టిగా నిలుచుగాక. తిలా నది అతడు దాటేవేళ లోతు తగ్గుగాక. ఆ ఇంటి కప్పు మీద ధాన్యం ఎండని ఏడు రాకుండుగాక. జయలాల్ పొయ్యి చల్లారకుండుగాక. ఆ కోడలి కడుపున పుట్టబోయే బిడ్డ ఒకనాడు ఎవరూ నేర్పకుండానే కలశం ముందు కూర్చుని గరగరలాడే గొంతుతో మూడో చరణం ఎత్తుకొనుగాక, అది వినడానికి మానరూప్ చెవులు అంతవరకూ చల్లగా ఉండుగాక.